చెయ్యి దెబ్బతిన్నాక స్కేల్ మోడల్ కట్టడం ఎలా?

"బండి మీంచి పడి మణికట్టు విరిగింది. సగంలో ఉన్న విమానాన్ని ఏం చెయ్యమంటారు?" "బొటనవేలికి ఆపరేషన్ అయింది, ముక్కలు కత్తిరించే నిప్పరు నొక్కలేకపోతున్నా." "వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, బ్లేడు పట్టుకోవాలంటే భయమేస్తోంది." మాటలు వేరైనా అందరూ అడిగేది ఒకటే, ఈ చేత్తో ఇక మోడళ్ళు కట్టగలనా అని. మోడల్ అంటే ఇక్కడ కిట్టు పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ ముక్కలు అతికి, రంగేసి కట్టే బొమ్మ విమానం, కారు, ట్యాంకు లాంటిది. చాలామంది కట్టగలరు. నా కుడి మణికట్టులోనూ ప్లేటు ఉంది. కింద రాసినవాటిలో చాలావరకు నా బల్ల మీద రోజూ జరిగేవే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. మోడల్ కట్టేటప్పుడు చేతులు రెండు పనులు చేస్తాయి. ఒకటి పట్టుకోవడం. రెండోది కొయ్యడం, రుద్దడం, అతకడం, రంగు వెయ్యడం. చేతిని అలసగొట్టేది ఎక్కువగా మొదటిదే. గోరంత ముక్కని రెండు వేళ్ళ మధ్య కదలకుండా అయిదు నిమిషాలు బిగించి ఉంచడం బాగున్న చేతికే కష్టం. అందుకే పట్టుకునే పని మొత్తం బల్లకి అప్పగించాలి. కింది మెట్లన్నీ ఈ ఒక్క మాట మీదే నడుస్తాయి.

ముందు డాక్టరు దగ్గర తేల్చుకోవలసినవి

"మోడళ్ళు కట్టొచ్చా?" అని అడిగితే ఆయనకి ఏమీ అర్థం కాదు. మీ నిప్పరు, కిట్టు ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము ఒకటి వెంట తీసుకెళ్ళి ఆయన ముందే నొక్కి చూపించండి. ఏ వేలిని వంచకూడదు, ఎంత బలం పెట్టొచ్చు, ఎప్పటినుంచి పెట్టొచ్చు అని అడగండి. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తుంటే ఆయనకీ చూపించండి. మీ పనిని బట్టి వ్యాయామాలు మార్చి ఇస్తారు.

టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది) తెగి కుట్టించుకున్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. కుట్టిన టెండన్ లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది. బయట గాయం మాని, నొప్పి తగ్గి, చెయ్యి బాగైపోయినట్టే అనిపించే రోజుల్లో నిప్పరు గట్టిగా నొక్కితే కుట్టు తెగే ప్రమాదం ఉంది. నొప్పి లేదు కదా అని మీ అంతట మీరు మొదలుపెట్టకండి. నరం దెబ్బతిన్నవాళ్ళకి చిక్కు వేరే. నరం రోజుకి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి, మణికట్టు దగ్గర తెగితే వేలి కొసకి స్పర్శ రావడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆ వేలు తెగినా మీకు తెలియదు. కుట్లు ఇంకా తియ్యనివాళ్ళు, గాయం పచ్చిగా ఉన్నవాళ్ళు కిట్టు పెట్టెకి మూత పెట్టేసి ఆగండి.

కావలసినవి

- చిన్న బెంచ్ వైస్. దవడలకి పాత బెల్టు తోలు అతికించండి.
- సోల్డరింగ్ చేసేవాళ్ళు వాడే క్లిప్పుల స్టాండు. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో "థర్డ్ హ్యాండ్" అంటే ఇస్తారు.
- నొక్కితే తెరుచుకుని, వదిలితే పట్టుకునే రకం ట్వీజర్లు.
- అరచేయంత గుడ్డ సంచి, అందులో ముప్పావు వంతు బియ్యం.
- ఏసీ పైపులకి తొడిగే నల్ల ఫోమ్ గొట్టం, ఒక అడుగు. ఏసీ మెకానిక్‌ని అడిగితే తుంపు దొరుకుతుంది.
- పాత హవాయి చెప్పు ఒకటి.
- మంచి నిప్పరు. అది నొక్కలేకపోతే పెద్ద సైజు గోళ్ళ కట్టరు.
- గాజు నెయిల్ ఫైల్, 400, 800, 1000 నంబర్ల వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం).
- బ్రష్ మూత ఉన్న పలచటి సిమెంటు, అంటే ప్లాస్టిక్‌ని కరిగించి అతికే జిగురు. టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటిది.
- మాస్కింగ్ టేపు, బ్లూ టాక్ (అంటుకునే మెత్తటి ముద్ద), వెదురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు.
- పాత తువ్వాలు, రెండు క్లిప్పులు. కళ్ళద్దాలు.

మెట్లు

1. చేతికి తగ్గ కిట్టు తియ్యండి

జిగురు అక్కర్లేని కిట్టయితే తేలిక అని అందరూ అనుకుంటారు. బాండాయ్ కంపెనీ 1/144 (అసలు సైజులో 144వ వంతు) గండమ్ రోబో కిట్లు, ఎయిర్‌ఫిక్స్ క్విక్‌బిల్డ్ అలాంటివే. వేళ్ళు బలహీనమైనవాళ్ళకి అవి తేలిక కావు. అవి నొక్కి బిగించే కిట్లు, ఆ బలమంతా బొటనవేలి మీదే పడుతుంది. బొటనవేలికో మణికట్టుకో దెబ్బ తగిలినవాళ్ళకి జిగురుతో అతికే కిట్టే సుఖం. గండమే కట్టాలనుంటే ప్రతి ముక్కలోని పొడుచుకొచ్చిన గూటాన్ని సగానికి కత్తిరించి, దాని కొసని ఏటవాలుగా చెక్కండి. అప్పుడు ముక్క బలం లేకుండా దిగుతుంది. పట్టు తగ్గినచోట సిమెంటు చుక్క వెయ్యండి.

మొదటి కిట్టుగా 1/48లో ఒకే ఇంజిను, ఒకే రెక్కల జత ఉన్న విమానం మంచిది. 1/24 కారైనా సరే. 1/72లో ముక్కలు మరీ చిన్నవి. 1/35 ట్యాంకులో ముక్కలు పెద్దవే గానీ, ఒకేలాంటి చక్రాలు డజన్ల కొద్దీ ఉంటాయి. ప్రతి చక్రానికీ అదే కదలికతో అంచు రుద్దాలి. ఇలా ఒకటే కదలిక పదేపదే చెయ్యడం దెబ్బతిన్న చేతికి మంచిది కాదు. విశాఖ బీచ్ రోడ్డులో నిలబెట్టిన నేవీ విమానం టీయూ-142 చూసినవాళ్ళకి దాన్ని కట్టాలని ఉండటం సహజం. 1/72లో దాని రెక్కల వెడల్పు 70 సెంటీమీటర్ల దాకా వస్తుంది. నాలుగు ఇంజిన్లకీ కలిపి 32 ప్రొపెల్లర్ బ్లేడ్లు ఉంటాయి. చెయ్యి కుదుటపడ్డాకే దాని జోలికి వెళ్ళండి. తీగలు కట్టాల్సిన పాతకాలం రెండంతస్తుల రెక్కల విమానాలు, సన్నటి ఇత్తడిరేకు ముక్కల సెట్లు కూడా ఇప్పుడు వద్దు.

2. బల్ల సర్దుకోండి

బల్ల ఎత్తు మోచేతికి సమంగా ఉండాలి. ముంజేతులు రెండూ బల్ల మీద ఆనాలి, గాల్లో తేలకూడదు. మణికట్టు వంచి కిందికి చూసే బదులు రెండు లావుపాటి పుస్తకాలు పెట్టి మోడల్‌నే పైకి లేపండి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రిపూట తిమ్మిరెక్కేవాళ్ళకి ఈ ఒక్క మార్పు చాలా మేలు చేస్తుంది.

బలహీనమైన చేతిలోంచి ముక్కలు జారతాయి. తువ్వాలు ఒక అంచుని క్లిప్పులతో బల్లకి బిగించి, రెండో అంచు మొలలో దోపుకోండి. పడ్డ ముక్క నేలమీదికి పోకుండా ఒళ్ళోనే ఆగుతుంది. కానీ జారిన బ్లేడుని తువ్వాలు ఆపలేదు. బ్లేడుకి బల్ల మీద దూరంగా ఒక గూడు ఉండాలి, పని అయిన ప్రతిసారీ అక్కడికే వెళ్ళాలి. జారితే పట్టుకోబోకండి, కాళ్ళు వెనక్కి లాగండి.

సిమెంటు సీసా కోసం హవాయి చెప్పు అడుగుని సీసా అడుగంత గుండ్రంగా కోసి, చెప్పుని డబుల్ టేపుతో బల్లకి అతికించండి. సీసా అందులో దిగి నిలబడుతుంది, ఒంటి చేత్తో మూత తిప్పొచ్చు. ఈ పనికి థర్మోకోల్ మాత్రం వాడకండి. థర్మోకోలూ కిట్టు ప్లాస్టిక్కూ ఒకే జాతి, రెండూ పాలీస్టైరీనే. సిమెంటు ఒలికితే థర్మోకోల్ కరిగిపోయి సీసా పడిపోతుంది. రంగు సీసాల మరలకి కొంచెం వాసెలిన్ రాస్తే మూతలు బిగుసుకోవు.

3. పిడులు లావు చెయ్యండి

పిడి సన్నగా ఉంటే వేళ్ళు ఎక్కువ బిగించాలి. బ్రష్షుకీ, బ్లేడుకీ, ఫైలుకీ ఫోమ్ గొట్టం తొడగండి. వేళ్ళు చుట్టూ వదులుగా తిరిగేంత లావు చాలు. మరీ లావైతే చిన్న చేతులవాళ్ళకి పట్టు చిక్కదు. ఫోమ్ జారుతుంటే రెండు చుట్లు టేపు వెయ్యండి. బ్లేడుకి తొడిగిన ఫోమ్ మాత్రం ఒక్క వెంట్రుకవాసి కూడా తిరగకూడదు.

4. ముక్కల్ని ఫ్రేము నుంచి వేరు చెయ్యడం

నిప్పరు ఒక పిడిని వైస్‌లో బిగించండి. బాగున్న చేత్తో ఫ్రేముని నిప్పరు దవడల మధ్యకి తోసి, దెబ్బతిన్న చేతి ముంజేతితోనో మోచేతితోనో రెండో పిడిని కిందికి నొక్కండి. వేళ్ళకి అసలు పనే ఉండదు. గోళ్ళ కట్టరయితే బల్ల మీద ఆనించి అరచేత్తో నొక్కితే చాలు.

రెండుసార్లు కొయ్యాలి. మొదట ముక్కకి 2, 3 మిల్లీమీటర్ల దూరంలో, తర్వాత దగ్గరగా. మొదటిసారే అంచుకి ఆనించి కోస్తే ప్లాస్టిక్ తెల్లబడి గుంట పడుతుంది. కోసిన తుంపులు ఎగురుతాయి, కళ్ళద్దాలు పెట్టుకోండి. ముక్కని మెలితిప్పి ఊడదియ్యడం వద్దే వద్దు. మణికట్టుకీ మంచిది కాదు, ముక్కకీ మంచిది కాదు.

చిన్న ముక్కలకి ఇంకో దారి ఉంది. ముక్క పక్కనున్న ఫ్రేముని అంగుళం పొడవుంచి కొయ్యండి. ఆ తుంపే దానికి పిడి అవుతుంది. ఆ పిడితోనే రుద్దండి, రంగెయ్యండి. అతికే ముందు చివరగా తీసెయ్యండి.

5. అంచులు రుద్దడం

పేపరుని ముక్క మీద రుద్దే అలవాటు మానండి. వాటర్ పేపరుని గాజు ముక్క మీదో నున్నటి టైలు మీదో అతికించి, కొంచెం తడిపి, ముక్కనే దాని మీద జరపండి. కదలిక భుజం నుంచి రావాలి, మణికట్టు నుంచి కాదు. కోసినచోట మిగిలే చిన్న మొటిమకి గాజు ఫైలు చాలు, బ్లేడు అక్కర్లేదు. తిరిగే మిషన్లు వాడితే త్వరగా అవుతుంది కదా అంటారు. వాటి అదురు తిమ్మిరిని పెంచుతుంది, నరం దెబ్బ ఉన్నవాళ్ళు పక్కన పెట్టండి.

బ్లేడు తప్పనిసరైతే ముక్క బల్ల మీదే ఉండాలి, చేతిలో ఉండకూడదు. స్పర్శ లేని వేలు మీ కంటికి కనిపించేచోట ఉంచుకోండి. కత్తి దిగని గ్లౌజులు కోత నుంచి కాపాడతాయి గానీ సూది మొన ఉండే 11 నంబరు బ్లేడు కొసని ఆపలేవు. కొత్తగా ఎడమచేత్తో నేర్చుకునేవాళ్ళు ముందు పారేసే ఫ్రేము తుంపుల మీద సాధన చెయ్యండి.

6. అతకడం

ఇక్కడే ఎక్కువమంది విసిగిపోతారు, ఇక్కడే ఎక్కువ లాభమూ ఉంది. మామూలుగా జిగురు రాసి, ముక్కలు కలిపి, ఆరేదాకా నొక్కి పట్టుకుంటాం. దాన్ని తిరగెయ్యండి. ముందు పట్టు కుదర్చండి, జిగురు తర్వాత.

విమానం పొట్ట రెండు సగాల్నీ జిగురు లేకుండా కలిపి చూడండి. కుదిరాక మాస్కింగ్ టేపు ముక్కలతో మూడు నాలుగు చోట్ల చుట్టండి. మధ్యలో ఖాళీలు వదలండి. టేపు ముక్కలు ముందే చింపి బల్ల అంచుకి వరసగా అంటించుకుంటే ఒంటి చేత్తో అందుతాయి. ఇప్పుడు బియ్యం సంచి మధ్యలో గుంట చేసి, అతుకు పైకి వచ్చేలా పొట్టని అందులో కూర్చోబెట్టండి. ఇక అది కదలదు. సిమెంటు బ్రష్షుని సీసా అంచుకి తుడిచి, టేపులేని ఖాళీలో అతుకు గీత మీద కొసని ఊరికే తాకించండి. సిమెంటు గీత వెంట దానంతట అదే పాకి లోపలికి పోవడం కళ్ళకి కనబడుతుంది. నొక్కేదీ లేదు, రాసేదీ లేదు. పదిహేను నిమిషాలు ఆగి టేపులు తీసి, మిగిలిన చోట్ల కూడా అలాగే తాకించండి. ఒక రాత్రి వదిలెయ్యండి.

తప్పులు జరిగేది మూడు చోట్ల. టేపు మీదుగా సిమెంటు పెడితే అది టేపు కిందికి పాకి ప్లాస్టిక్ పైపొరని తినేస్తుంది. అతుకు మీద వేలుంటే వేలి కిందికి చేరి వేలిముద్ర అచ్చు పడుతుంది. స్పర్శ లేని వేలికి తడి తెలియదు కాబట్టి ఇది మరీ ఎక్కువ. మూడోది క్లిప్పులు. బట్టల క్లిప్పు బలానికి పలచటి రెక్క వంగిపోతుంది, దానికి బదులు రబ్బరు బ్యాండు వెయ్యండి.

రెక్కలు పొట్టకి అతికేటప్పుడు రెండు రెక్కల కొసల కింద విజిటింగ్ కార్డుల దొంతరలు సమానమైన ఎత్తులో పెట్టండి. చేత్తో ఎత్తి పట్టుకోనక్కర్లేదు. చిన్న ముక్కలకి తిరగబడ్డ ట్వీజర్లు పెట్టండి. వదిలితే పట్టుకుంటాయి కాబట్టి వేళ్ళు బిగించి ఉంచాల్సిన పనే లేదు. అవి కూడా కష్టమైతే వెదురుపుల్ల కొసకి బ్లూ టాక్ ముద్ద పెట్టి, ముక్కని దాంతో ఎత్తండి.

హెచ్చరిక: చేతికి నూలు బ్యాండేజీ గానీ గాయానికి కట్టే పలచటి జాలీ గుడ్డ గానీ ఉంటే ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూలు ముట్టుకోకండి. నూలు మీద ఆ జిగురు పడితే ఒక్కసారిగా వేడి పుడుతుంది, చర్మం కాలేంత. నూలు గ్లౌజులకీ ఇదే వర్తిస్తుంది. ఒకవేళ పడితే లాగకుండా వెంటనే చల్లటి నీళ్ళు పొయ్యండి, ఆసుపత్రికి వెళ్ళండి. కిట్టులోని పారదర్శకమైన అద్దాల ముక్కలకి తెల్ల ఫెవికాల్ పెట్టుకోవచ్చు, అది ఆరితే పారదర్శకంగా ఉంటుంది.

7. రంగు

ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) ఉన్నవాళ్ళకి చూపుడువేలితో బొత్తాన్ని నొక్కి వెనక్కి లాగే రకం కష్టం. పిస్టల్‌లా ట్రిగ్గర్ ఉండే రకానికి రెండు మూడు వేళ్ళ బలం పంచుకోవచ్చు. గాలి గొట్టాన్ని భుజం మీదుగా వేసుకుంటే దాని బరువు మణికట్టు మీద పడదు. స్ప్రే డబ్బాకయితే పైన బిగించుకునే ట్రిగ్గర్ పిడులు దొరుకుతాయి. డబ్బా ఊపడం ఇంకొకరిని అడగండి.

ఇవేవీ కుదరకపోతే వల్లెహో లాంటి నీటి రంగులు బ్రష్షుతో వేసుకోండి. పలచగా, ఆరనిస్తూ, మూడు పూతలు. ముంజేతికి పుస్తకాల దొంతర ఆనిక పెట్టుకుని, బ్రష్షు ఒకేచోట ఉంచి, మోడల్‌ని తిప్పండి. పొట్టలోకో ఇంజిను రంధ్రంలోకో వెదురుపుల్ల దూర్చి, పుల్లని క్లిప్పుల స్టాండుకి బిగిస్తే తిప్పడం తేలిక. కాక్‌పిట్ అద్దానికి రంగు అంటకుండా కప్పే మాస్కింగ్‌ని బ్లేడుతో కొయ్యడం మానెయ్యండి. ఎడ్యుఆర్డ్ వాళ్ళు ముందే కోసిన మాస్కులు అమ్ముతారు, కిట్టు పేరు చూసి తెప్పించుకోండి. ఈ ఖర్చు పెట్టదగ్గదే.

8. డెకాల్స్

ఇవి మోడల్ మీద గుర్తులు, అంకెలు వెయ్యడానికి నీళ్ళలో నానబెట్టి అతికించే స్టిక్కర్లు. ట్వీజర్లు అక్కర్లేదు. కాగితం మీదే నీళ్ళలో నానబెట్టి, కాగితాన్ని అతికించాల్సినచోట ఆనించి, తడి బ్రష్షుతో డెకాల్‌ని పక్కకి జార్చండి. ముందు అక్కడ నీటిచుక్క వేసి ఉంచితే సర్దుకోవడానికి సమయం దొరుకుతుంది. చెయ్యి వణికేవాళ్ళకి ఆ నీటిచుక్కే ఆసరా.

బాగా వచ్చిందో లేదో చూసుకోవడం

అతుకు సాఫీగా ఉందా అని మనం వేలితో తడిమి చూస్తాం. ఆ వేలికి స్పర్శ లేకపోతే నమ్మకండి. చెవులకి వాడే దూది పుల్లని అతుకు మీద అడ్డంగా లాగండి. గట్టు ఉన్నచోట దూది పోగు తగులుకుంటుంది. తర్వాత బూడిదరంగు ప్రైమరు (అసలు రంగుకి ముందు వేసే అడుగుపూత) పలచగా వేసి, గది లైటు ఆపి, ఫోన్ టార్చిని ఏటవాలుగా వెయ్యండి. గీతలన్నీ నీడలై కనిపిస్తాయి.

రెక్కలు సమంగా ఉన్నాయో లేదో తెలియాలంటే విమానాన్ని ఎదురుగా ఫొటో తీసి, ఫోన్‌లో అద్దంలోలా తిప్పి చూడండి. మామూలుగా చూస్తే కంటికి అలవాటైపోయిన వంకర అప్పుడు బయటపడుతుంది. సిమెంటు పెట్టిన అరగంట లోపలే చూడండి, అప్పుడైతే సరిచెయ్యొచ్చు.

మోడల్‌తో పాటు చేతిని కూడా పరీక్షించుకోవాలి. ఫోన్‌లో 15 నిమిషాల టైమర్ పెట్టుకోండి. మోగితే ముక్క చేతిలో ఉన్నా సరే దింపి, వేళ్ళు తెరిచి మూసి, అయిదు నిమిషాలు లేచి తిరగండి. పని ఆపేసిన రెండు గంటల తర్వాత కూడా నొప్పి అలాగే ఉంటే ఆ రోజు ఎక్కువ చేశారని అర్థం. మర్నాడు సగం సమయమే కూర్చోండి. పొద్దున లేవగానే ఉంగరం బిగుతయినా, వేళ్ళు మడవడం కష్టమైనా ఆ రోజు బల్ల దగ్గరికి వెళ్ళకండి. తిమ్మిరి కొత్తగా మొదలైతే, వాపు రోజులు గడిచినా తగ్గకపోతే డాక్టరుకి చూపించండి.

ఒక్క చెయ్యే పనిచేస్తుంటే

పిండికట్టులో ఉన్నవాళ్ళకీ, ఒక చెయ్యి శాశ్వతంగా దెబ్బతిన్నవాళ్ళకీ పైన చెప్పినవన్నీ కొద్ది మార్పుతో పనికొస్తాయి. పిండికట్టులోకి రుద్దిన పొడి దూరితే దురద భరించలేం. రుద్దేటప్పుడు చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని పైన వదులుగా కట్టండి, పని అవగానే తీసెయ్యండి. బిగిసిన సీసా మూత తియ్యాలంటే సీసాకి గుడ్డ చుట్టి బల్ల సొరుగులో నిలబెట్టండి. సొరుగుని నడుముతో నెట్టి బిగించి మూత తిప్పండి. గాజు సీసాని వైస్‌లో పెట్టకండి, పగులుతుంది. సూచనల కాగితాన్ని ఫొటో తీసుకుని ఫోన్‌ని స్టాండులో పెట్టుకుంటే పేజీలు తిప్పే బాధ తప్పుతుంది.

బ్లేడు మార్చడం మాత్రం ఒంటి చేత్తో చెయ్యకండి. ఇంట్లో వాళ్ళని పిలవండి. రెండు మూడు బ్లేడు పిడులు కొని, అన్నిటికీ ఒకేసారి కొత్త బ్లేడ్లు వేయించి ఉంచుకుంటే మాటిమాటికీ అడగక్కర్లేదు. మొద్దుబారినవి మూతున్న రేకు డబ్బాలో వేయించండి.